ఆ పసుపు లైటు వెలిగితే బండి ఆపాలా, పోవచ్చా?

లారీ నడిపేవాడికి మీటర్ల బోర్డు నుంచి కావాల్సిన సమాధానం ఒక్కటే. బండి ఇప్పుడే పక్కన పెట్టాలా, ముందున్న ఊళ్ళో మెకానిక్ దాకా పోవచ్చా, లోడు దించి ఇంటికి వచ్చాక చూపించుకోవచ్చా? ఈ మూడింటిలో ఏదో చెప్పని లైటు వల్ల డ్రైవర్‌కి మిగిలేది టెన్షనే. ఇప్పుడు వస్తున్న బండ్లలో సగం లైట్లు అలాంటివే. దీని గురించి మా వాళ్ళందరూ టీ కొట్ల దగ్గర తిట్టుకుంటారు గానీ ఎక్కడా రాయరు. అందుకే నేను రాస్తున్నాను.

మాది కైకలూరు దగ్గర. చెరువుల చేపలు ఐసు వేసి హౌరాకి, అప్పుడప్పుడు గువాహటికి తోలతాం. అంతకు ముందు మా నాన్న కాలం నుంచి సాలూరు మీదుగా రాయపూర్ లైనులో తిరిగాం. ఇప్పుడు నేనూ నడుపుతాను, మా అన్న కొడుకూ నడుపుతాడు. చేపల లోడు ఎక్కాక దారిలో బండి ఆపడం చిన్న నిర్ణయం కాదు. ఆలస్యమయ్యే కొద్దీ ఐసు కరుగుతుంది, చేప మెత్తబడుతుంది, మార్కెట్లో రేటు పడిపోతుంది. అలాగని ఆపాల్సిన చోట ఆపకుండా పోతే ఇంజిన్ పట్టేస్తుంది. ఏది చెయ్యాలో చెప్పాల్సింది ఆ బోర్డే కదా.

ఒక రాత్రి మావాడు ఇచ్ఛాపురం దాటి బరంపురం వైపు పోతూ ఫోన్ చేశాడు.

"బాబాయ్, ఇంజిన్ బొమ్మ లైటు వెలిగింది. పసుపు. బండి మామూలుగానే లాగుతోంది. ఏం చేయమంటావు?"

"టెంపరేచర్ ఎంతుంది?"

"ముల్లు మధ్యలోనే ఉంది."

"ఆయిల్ ప్రెజర్?"

"దానికి ముల్లు లేదుగా బాబాయ్, లైటేగా. అది వెలగలేదు."

కంపెనీ హెల్ప్‌లైన్‌కి చేస్తే ఎర్రర్ కోడ్ అడిగారు. బటన్ నొక్కుతూ పోతే స్క్రీన్ మీద ఇంగ్లీషులో ఏవో అంకెలు వచ్చాయట. ఫొటో తీసి పంపాడు. దగ్గర్లోని సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళమన్నారు. ఇప్పుడే తీసుకెళ్ళాలా, లోడుతో హౌరా పోయి వచ్చేటప్పుడు చూపించుకోవచ్చా అంటే ఎవరూ చెప్పలేదు. చివరికి అది సైలెన్సర్ వైపు ఉండి పొగలోని విషవాయువుని కొలిచే నాక్స్ సెన్సార్ వైరు. ఇంజిన్‌కి ఏమీ కాలేదు. ఆ రాత్రంతా మావాడు గంటకోసారి బండి ఆపి ఆయిలు గేజి కర్ర తీసి చూసుకుంటూ వెళ్ళాడు.

ఇక్కడ ఒక సంగతి చాలామంది డ్రైవర్లకి ఎవరూ చెప్పరు. ఆ ఇంజిన్ బొమ్మ లైటు అసలు పుట్టింది పొగ నిబంధనల కోసం. బండి వదిలే పొగ హద్దు దాటేలా ఏ భాగం పాడైనా అది వెలగాలని చట్టం చెబుతుంది. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-4 అనే పొగ నిబంధన తర్వాత బీఎస్-5 లేకుండా నేరుగా బీఎస్-6 వచ్చింది. దాంతోపాటు సైలెన్సర్ చుట్టూ సెన్సార్లు, ఫిల్టర్లు, పొగలోని విషవాయువుని తగ్గించే యూరియా ట్యాంకు అన్నీ వచ్చాయి. వాటిలో దేనికి జలుబు చేసినా ఇదే బొమ్మ. పొగ కోసం లైటు ఉండడం తప్పని నేను అనను, ఊళ్ళ మధ్య నుంచి పోయేవాళ్ళం, ఆ గాలి మేమూ పీలుస్తాం. కానీ అదే లైటు ఇంజెక్టర్‌కీ, అదే లైటు సెన్సార్ వైరుకీ వెలిగితే డ్రైవర్ ఏమనుకోవాలి?

విచిత్రం ఏమిటంటే తేడా బండికి తెలుసు. లారీల ఇంజిన్ కంప్యూటర్లు జే1939 అనే పద్ధతిలో మాట్లాడుకుంటాయి. ప్రతి లోపానికీ రెండు నంబర్లు ఉంటాయి. ఎస్‌పీఎన్ అంటే ఏ భాగం, ఎఫ్‌ఎంఐ అంటే ఏ రకం లోపం. ఎస్‌పీఎన్ 100 ఆయిల్ ప్రెజర్, 110 కూలెంట్ వేడి, 97 డీజిల్లో నీళ్ళు. ఇక ఎఫ్‌ఎంఐ 1 అంటే నిజంగానే ప్రమాదకరంగా పడిపోయింది అని అర్థం. 3, 4, 5 అయితే కరెంటు గొడవ, అంటే వైరు ఎక్కడో తగులుతోంది లేదా తెగిపోయింది. అంటే 100, 1 అని వస్తే ఆ క్షణమే ఇంజిన్ ఆపాలి. 100, 5 అని వస్తే చాలావరకు ఎలుక కొరికిన వైరో, ఊడిన కనెక్టరో. ఆయిలు గేజి కర్ర చూసుకుని, ఇంజిన్ చప్పుడు విని, మెకానిక్ దాకా పోవచ్చు. ఇంత స్పష్టంగా లోపల రాసి పెట్టుకున్న బండి, పైకి వచ్చేసరికి ఒక బొమ్మ వెలిగించి ఊరుకుంటుంది. మిగతాది స్క్రీన్‌లో నాలుగు పేజీల లోపల దాస్తుంది.

ఈ నంబర్లు తెలుగులో రాసి, లామినేషన్ చేయించి, మా బండ్లలో అద్దం పైన ఎండ పడకుండా దించుకునే రేకుకి అంటించాను. ఏ నంబరుకి ఆపాలో ఎర్ర ఇంకుతో, ఏ నంబరుకి పోవచ్చో నీలం ఇంకుతో రాశాను. మావాడికి ఇప్పుడు అర్ధరాత్రి నాకు ఫోన్ చేసే పని సగం తగ్గింది. డ్రైవర్ చేత్తో రాసుకుంటే కుదిరిన పని, కంపెనీ వాళ్ళు స్క్రీన్ మీద నాలుగు మాటల్లో చెప్పలేరా?

రంగుల గురించి కూడా చెప్పాలి. ఎరుపు అంటే ఆపు, పసుపు అంటే చూసుకో అని పుస్తకంలో ఉంటుంది. బండిలో కూర్చుంటే అంత సులువుగా ఉండదు. సైలెన్సర్‌లో ఉండే డీపీఎఫ్ ఫిల్టర్‌లో మసి నిండాక బండి దాన్ని తనే కాల్చుకుంటుంది. అప్పుడు సైలెన్సర్ లోపల వేడి సుమారు 600 డిగ్రీల దాకా పోతుంది. ఆ పని జరగాల్సి వచ్చినప్పుడు ఒక పసుపు బొమ్మ వెలుగుతుంది. దాని అర్థం, వీలైతే హైవే మీద ఆపకుండా నడుపుతూ ఉండు అని. కొత్తగా వచ్చిన డ్రైవరు అది చూసి భయపడి పక్కన పెట్టి ఇంజిన్ ఆఫ్ చేస్తాడు. అలా సగంలో ఆపుకుంటూ పోతే మసి పేరుకుని చివరికి వర్క్‌షాపులో ల్యాప్‌టాప్ పెట్టి కాల్చాల్సి వస్తుంది. పైగా ఎండుగడ్డి మీదో, వరికుప్ప పక్కనో ఆపితే ఆ వేడికి నిప్పు అంటుకునే ప్రమాదం. ఒక పసుపు లైటేమో ఆపకుండా నడపమంటుంది, పక్కనున్న పసుపు లైటేమో తీసుకెళ్ళి చూపించమంటుంది. ఎరుపులోనూ ఇంతే. సీటు బెల్టు ఎరుపే, హ్యాండ్ బ్రేకు ఎరుపే, ఆయిల్ ప్రెజరూ ఎరుపే, అన్నీ ఒకే సైజు. సాయంత్రం ఎండ ఎదురుగా పడితే ఏది వెలిగిందో చెయ్యి అడ్డం పెట్టి చూడాలి.

యూరియా మీటర్ సంగతి వేరే బాధ. ట్యాంకులో పోసేది నూటికి 32.5 వంతులు యూరియా, మిగతాది శుద్ధమైన నీళ్ళు. అది అయిపోతే బండి తనే బలం తగ్గించుకుంటుంది. మన నిబంధనలకి మూలమైన యూరో-6 లో మొదట టార్క్, అంటే ఇంజిన్ లాగే బలం, నాలుగో వంతు కోస్తారు, అప్పటికీ పోయకపోతే గంటకి 20 కిలోమీటర్లకి కట్టేస్తారు. లోడు బండి హైవే మీద 20లో పాకుతుంటే వెనక నుంచి వచ్చే బస్సుల సంగతి ఊహించుకోండి. ఇంత శిక్ష ఉన్న ట్యాంకుకి మా బండిలో ఇచ్చింది నాలుగు గడులు. చివరి గడిలో పావు ట్యాంకు ఉందా, చెంబెడు ఉందా తెలియదు. డీజిలుకి ముల్లు ఇచ్చినట్టు దీనికీ ఇస్తే ఏం పోయింది?

ముల్లు అంటే నాకెందుకంత ఇష్టమో చెప్తాను. లైటు జరిగిపోయినదాన్ని చెబుతుంది, ముల్లు జరగబోయేదాన్ని చూపిస్తుంది. నాన్న పాత బండిలో బోర్డు నిండా గుండ్రటి మీటర్లే. టెంపరేచర్, ఆయిలు, ఎయిరు, డీజిలు, బ్యాటరీ ఛార్జింగు, అన్నీ విడివిడిగా. సాలూరు దాటాక సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు టెంపరేచర్ ముల్లు ఎక్కడిదాకా లేస్తుందో, పైకి ఎక్కాక ఎంతసేపటికి దిగుతుందో మాకు కంఠతా వచ్చు. ఒకసారి మూడో మలుపు దగ్గరే అది రోజూ ఉండే చోటు కంటే వేలెడు పైన కనిపించింది. నాన్న ఆపి బానెట్ ఎత్తితే ఫ్యాన్ బెల్టు వదులుగా ఉంది. బిగించి, టీ తాగి వెళ్ళిపోయాం. అది ఎర్ర గీత దాకా రావాల్సిన పనే లేదు.

ఇప్పటి చాలా బండ్లలో టెంపరేచర్ ముల్లుని కావాలనే మధ్యలో కట్టేస్తారు. కూలెంట్ వేడి కొన్ని డిగ్రీలు అటూ ఇటూ అయినా ముల్లు కదలదు. కదిలితే కస్టమర్ కంగారుపడి సర్వీస్ సెంటర్‌కి వస్తాడని. కారు కొన్న ఆయనకి అది సౌకర్యం కావచ్చు. టన్నుల లోడుతో ఘాట్ ఎక్కేవాడికి ఆ నాలుగు డిగ్రీల కదలికే ముందస్తు కబురు. దాన్ని చెరిపేసి, ఒక్కసారిగా ఎరుపు వెలిగించి, బజర్ మోగించి, మలుపు మధ్యలో బలం తగ్గించేస్తే వెనక వరుసగా వచ్చే బండ్లకి దారి ఎవరిస్తారు?

చిన్న బండ్లలో ఇంకా ఘోరం. మా ఊళ్ళో చెరువుల దగ్గర నుంచి ప్యాకింగ్ షెడ్డుకి చేపలు తోలే పికప్ ఒకటుంది, నాకు మేనల్లుడి వరస అయ్యే కుర్రాడిది. దానికి టెంపరేచర్ ముల్లే లేదు, ఎర్ర లైటు మాత్రమే. రేడియేటర్ పైపు పగిలి నీళ్ళన్నీ కారిపోయాయి. సెన్సార్ నీళ్ళలో మునిగి ఉంటేనే వేడి సరిగా చూపిస్తుంది. నీళ్ళే లేకపోతే అది గాల్లో వేలాడుతూ తప్పు చూపిస్తుంది. లైటు వెలిగేసరికి హెడ్ వంకర పోయింది. కిస్తీ కట్టాల్సిన డబ్బంతా ఆటోనగర్‌లో పోసి వచ్చాడు. అందరూ కుర్రాణ్ణే అన్నారు, చూసుకోవద్దా అని. ఏం చూసుకోవాలి? చూసుకోవడానికి అక్కడ ఏముంది?

ఎయిర్ మీటర్ విషయంలో మాత్రం నేను రాజీ పడను. లారీ బ్రేకులు గాలితో నడుస్తాయి. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ వేర్వేరు లైన్లు ఉంటాయి కాబట్టి పాత బోర్డు మీద రెండు ముళ్ళు. ఘాట్ దిగేటప్పుడు బ్రేకు తొక్కిన ప్రతిసారీ ఎంత పడింది, మళ్ళీ ఎంత నిండింది అని ఓరకంట చూసుకుంటూ దిగుతాం. గాలి ఒత్తిడి ఆరు కేజీల కింద పడితే గేరు తగ్గించి నింపుకునేవాళ్ళం. కొన్ని కొత్త బండ్లలో అది స్క్రీన్ మీద సన్న గీతల్లో ఉంటుంది, అదీ మైలేజీ పేజీలో ఉంటే కనపడదు, బటన్ నొక్కి మార్చుకోవాలి. మలుపులో స్టీరింగ్ వదిలి బటన్ నొక్కేదెవరు? పైగా గాలి తగ్గినప్పుడు మోగే బజరూ, బెల్టు పెట్టుకోకపోతే మోగే బజరూ ఒకటే చప్పుడు. రోజంతా దానికీ దీనికీ మోగుతుంటే విసిగిపోయి కొందరు బజర్ వైరు పీకేస్తారు. పీకడం ప్రమాదమే, మావాడికి ఒట్టు వేయించాను పీకనని. కానీ వాళ్ళని తిట్టే ముందు, ప్రాణం మీదికి వచ్చే కబురుకి వేరే గొంతు ఎందుకివ్వలేదో అడగాలి.

సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్ళకి ఇక్కడే ఒక మాట. తాళం తిప్పగానే, సెల్ఫ్ కొట్టక ముందు, లైట్లన్నీ కొన్ని సెకన్లు వెలుగుతాయి. ఆయిల్ ప్రెజర్ లైటు స్టార్ట్ చేసేదాకా వెలిగే ఉండాలి. తాళం తిప్పినా ఆయిలు లైటో, ఇంజిన్ బొమ్మో వెలగలేదంటే లైటు పాడైందన్న మాట నమ్మకండి. తీసేసి ఉండొచ్చు, టేపు వేసి ఉండొచ్చు. స్కానర్ ఉన్న మెకానిక్‌ని తీసుకెళ్ళి చూపించాకే బయానా ఇవ్వండి.

2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే లారీలకి ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. మా నాన్నకి అది దక్కలేదు, మావాడికి దక్కుతోంది, సంతోషం. డ్రైవర్ ఒళ్ళు గురించి ఆలోచించినవాళ్ళు కళ్ళ గురించి కూడా ఆలోచించాలి. ఎయిరుకీ, ఆయిలుకీ, వేడికీ ఎప్పుడూ కనపడే ముళ్ళు ఉండాలని, ఆపాల్సిన లోపానికీ ఆపక్కర్లేని లోపానికీ వేర్వేరు లైట్లు ఉండాలని, స్క్రీన్ మీద తెలుగు, ఒడియా, తమిళం ఎంచుకునే వీలుండాలని ఒక రూల్ రాయడం కష్టమా? ఫోన్‌లో అన్ని భాషలూ వస్తున్నాయి. దానికంటే ఎన్నో రెట్లు ఖరీదైన లారీలో రావా?

మొన్న కొత్త బండి కోసం షోరూంకి వెళ్ళాం. అక్కడి కుర్రాడు మైలేజీ, కిస్తీ, టైర్ల సైజు చెప్పుకుంటూ పోతున్నాడు. ఎయిర్ మీటర్ ఎక్కడుంది, ఎర్రర్ వస్తే తెలుగులో చెబుతుందా, యూరియాకి ముల్లుందా అని అడిగాను. "ఇవి ఎవరూ అడగరండి" అన్నాడు, కానీ మర్యాదగా తాళం ఇచ్చి ఎక్కి చూసుకోమన్నాడు. మావాడు క్యాబిన్‌లో కూర్చుని అరగంట బటన్లన్నీ నొక్కాడు. ఎయిర్‌కి రెండు ముళ్ళు విడిగా ఉన్న మోడల్ ఒకటి ఉంది, ధర కాస్త ఎక్కువ. దానికే అడ్వాన్స్ కట్టాం. యూరియా మాత్రం అందులోనూ నాలుగు గడులే. తెలుగు లేదు. ఆ రెండూ ఒక కాగితం మీద రాసి, కంపెనీకి పంపమని ఆ కుర్రాడి చేతికే ఇచ్చి వచ్చాను. వచ్చే వారం డెలివరీకి వెళ్ళినప్పుడు పంపాడో లేదో అడుగుతాను.