పొందుగుల దాటేదాకా పిన్నిని

గుంటూరు నుంచి శంషాబాద్ ఎయిర్‌పోర్టుకి కారు మాట్లాడటం కూడా ఒక పనేనా అనుకునేదాన్ని, మా అమ్మాయి పురుడికి అమెరికా వెళ్లేదాకా.

ముందు గన్నవరంలోనే విమానం ఎక్కేద్దామన్నారు మా ఆయన. హైదరాబాద్ దాకా విడిగా టికెట్ తీసుకుంటే మామూలుగా 15 కిలోలే ఫ్రీ, మావేమో 23 కిలోల పెట్టెలు నాలుగు. సగం బరువు గోంగూర, మాగాయ, శొంఠి, బాలింత కారాలే, వాటిలో ఏది తీసేయమంటారు చెప్పండి. రైల్లో వెళ్తే సికింద్రాబాద్‌లో దిగి ఆ పెట్టెలతో మళ్లీ క్యాబ్ వెతుక్కోవాలి. అందుకని ఇంటి ముందు ఎక్కి ఎయిర్‌పోర్టులో దిగేలా కారే అనుకున్నాం.

నలుగురికి ఫోన్ చేశాను. తెలిసిందేమిటంటే, మనం దిగిపోయినా బండి ఖాళీగా తిరిగి రావాలి కాబట్టి రానూపోనూ లెక్క కడతారు. ఒకాయన 560 కిలోమీటర్లు, కిలోమీటరుకి 13 చొప్పున 7,280, టోళ్లు వేరే, డ్రైవర్ బేటా, అంటే అతని తిండి ఖర్చు, 500 అన్నాడు. ఇంకొకాయన అన్నీ కలిపి 6,000, డ్రాపింగ్ ఒక్కటే అన్నాడు. ఆరు వేలాయన్నే ఖాయం చేశాం. తక్కువ ఎందుకో అడగలేదు, అదీ మా తెలివి.

ఫ్లైటు తెల్లవారుజాము 4 గంటలకి. మూడు గంటల ముందు అక్కడుండాలి, ప్రయాణం ఆరు గంటలు వేసుకున్నా చాలు, అయినా నా టెన్షన్ కొద్దీ సాయంత్రం 5 గంటలకే బయల్దేరదీశాను. వచ్చిన బండికి తెల్ల నంబరు ప్లేటు. అద్దెకి తిప్పే బండికి పసుపు ప్లేటు ఉండాలని మా ఆయనకి తెలుసు, నాకూ తెలుసు, కానీ పెట్టెలు అప్పటికే డిక్కీలో ఎక్కేశాయి.

సత్తెనపల్లి దాటి కొండమోడు దాకా రోడ్డు గురించి చెప్పుకోకపోవడమే మంచిది. అక్కడ నార్కట్‌పల్లి రోడ్డు ఎక్కాక బండి హాయిగా సాగింది. పిడుగురాళ్ల, దాచేపల్లి దాటాక డ్రైవర్ అద్దంలోంచి నన్ను చూసి, "అమ్మా, పొందుగుల దగ్గర ఎవరైనా ఆపితే మీరు మా పిన్నిగారని చెప్తాను, మీరేం మాట్లాడొద్దు" అన్నాడు. మా ఆయన నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

పొందుగుల మన వైపు చివరి ఊరు, కృష్ణ మీద వంతెన దాటితే అవతల వాడపల్లి, తెలంగాణ. మూసీ వచ్చి కృష్ణలో కలిసేది అక్కడే. 2014కి ముందు ఆ వంతెన దాటడం అంటే గుంటూరు జిల్లాలోంచి నల్గొండ జిల్లాలోకి వెళ్లడం, అంతే. ఇప్పుడు అద్దె బండికి ఆల్ ఇండియా పర్మిట్ అన్నా ఉండాలి, లేదా టెంపరరీ పర్మిట్ తీసుకుని అవతలి రాష్ట్రానికి ట్యాక్స్ కట్టాలి. మా బండికి ఏదీ లేదు, పిన్నిని నేనున్నాను.

వంతెన దిగగానే బళ్లు తనిఖీ చేసేవాళ్లు ఆపారు. "ఎవరు వీళ్లు?" "మా పిన్నీ బాబాయి సార్, అమెరికా వెళ్తున్నారు." ఆపినతను నాలుగు పెట్టెలూ చూసి, మమ్మల్ని చూసి, "మీ పిన్నిగారి ఇంటిపేరేంటి?" అన్నాడు. డ్రైవర్ పిల్లాడు నీళ్లు నమిలాడు. మా ఆయనకి అబద్ధం రాదు, పాస్‌పోర్టులు తీసి ఇచ్చేశారు.

నలభై నిమిషాలు. ఓనర్‌కి ఫోన్లు, చలానా, రోడ్డు పక్కన దోమలు. ఫ్లైటు ఉందని దయతలచి వదిలారు గానీ, నేనప్పటికే దారిన పోయే ప్రతి పసుపు ప్లేటునీ ఆశగా చూడటం మొదలుపెట్టాను. మిర్యాలగూడ, నల్గొండ ఎప్పుడు దాటాయో తెలీదు. నార్కట్‌పల్లిలో విజయవాడ హైవే ఎక్కాక టీ తాగించి ఆ పిల్లాణ్ణి కాస్త ఊరడించాను, తప్పు అతనిది కాదుగా. పెద్ద అంబర్‌పేట దగ్గర రింగురోడ్డు ఎక్కి దిగేసరికి పదకొండున్నర. చివర్లో ఓనర్ ఫోన్ చేసి చలానాలో సగం మమ్మల్ని ఇవ్వమన్నాడు. ఎందుకిస్తాం?

నాలుగు నెలల తర్వాత తిరుగు ప్రయాణానికి అక్కడి నుంచే వాట్సాప్‌లో మొదటాయన్ని మాట్లాడుకున్నాను. బండి ప్లేటు ఫొటో, పర్మిట్ కాగితం, టోళ్లు ఎవరివో రాతపూర్వకంగా, ఫ్లైటు లేటైతే వెయిటింగ్ ఎంతో, అన్నీ అడిగాను. "ఇన్ని అడిగినవాళ్లు ఇప్పటిదాకా లేరండీ" అన్నాడు. అని, పావుగంటలో అన్నీ పంపాడు.