పదకొండు గంటల పదకొండు నిమిషాలకు తెగిన టై

జర్మనీలోని కొలోన్‌లో ఉద్యోగంలో చేరి అప్పటికి ఐదు నెలలు. 2023 ఫిబ్రవరి 16, గురువారం. పొద్దున్నే ట్రామెక్కితే పక్క సీట్లో ఒక తేనెటీగ, ఎదురుగా ఇద్దరు సముద్రపు దొంగలు, తలుపు దగ్గర తోక చంకలో ఇరికించుకుని నిలబడ్డ ఒక మొసలి. ఎవరి మొహంలోనూ నవ్వు లేదు. రోజూలాగే ఫోన్లు చూసుకుంటున్నారు. మామూలు బట్టల్లో ఉన్న నన్నే వింతగా చూశారు.

మధ్యాహ్నం హాంబర్గ్ వాళ్లతో సమావేశం ఉందని ఆ రోజు టై కట్టుకున్నాను. మా పెళ్లి రిసెప్షన్‌కని బావమరిది తిరుపతి గాంధీ రోడ్డులో కొనిపెట్టిన పట్టు టై. సరిగ్గా 11:11కి మా పైఅధికారిణి నా బల్ల దగ్గరికి వచ్చారు. ఏడాది పొడవునా ఎవరైనా రెండు నిమిషాలు ఆలస్యమైతే చాలు, మాట అనకుండా గడియారం వైపు చూసే మనిషి. ఇప్పుడు తల మీద మంత్రగత్తె టోపీ, చేతిలో దర్జీ కత్తెర. జర్మన్‌లో ఏదో అడిగారు. ఫొటో కోసమనుకుని తలూపాను. పట్టు ఒకంతట తెగలేదు. కత్తెర రెండుసార్లు నమిలింది, మూడోసారికి కరుక్కున తెగింది. ముడి కింద బెత్తెడు ముక్క మిగిలింది. పరిహారంగా చెంప మీద ఒక ముద్దు! తెగిన ముక్కను గోడ మీది బోర్డుకు గుచ్చారు. అక్కడ అప్పటికే ఏడెనిమిది వేలాడుతున్నాయి. అన్నీ పాతవి, వెలిసిపోయినవి. ఊరివాళ్లకు సంగతి తెలుసు మరి.

ఆ రోజు పేరు వైబర్‌ఫాస్ట్‌నాఖ్ట్, అంటే వేషాల పండుగైన కార్నివాల్‌లో ఆడవాళ్ల రోజు. ఆ రోజు ఆడవాళ్లు మగవాళ్ల టైలు కత్తిరిస్తారు. పక్కనే బాన్ దగ్గర బాయెల్‌లో, 1824లో బట్టలుతికే ఆడవాళ్లు 'మొగుళ్లకు పండుగ, మాకు చాకిరీనా' అని తిరగబడి సొంతంగా సంఘం పెట్టుకున్నారు. ఈ రోజుకు మూలాల్లో అదొకటని చెబుతారు.

నిజానికి నాకు కోపం రావాలి. రాలేదు, ఎందుకంటే నేను తిరుపతివాణ్ణి. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో వేషం కట్టినవాడు ఎదురైన పెద్దమనిషిని బూతులు తిట్టినా, ఆ పెద్దమనిషి నవ్వుకుంటూ పోవలసిందే. తొమ్మిదేళ్లప్పుడు మొక్కు తీర్చడానికి మా అమ్మ నాకూ చీర కట్టి, సవరం పెట్టి, గుడి చుట్టూ తిప్పింది. కార్నివాల్ గురించి ఆఫీసులో వాళ్లు గంటసేపు చెప్పినా ఎక్కనిది, టై తెగిన క్షణంలో ఎక్కింది.

సోమవారం పెద్ద ఊరేగింపు, రోజెన్‌మోంటాగ్. చట్టప్రకారం సెలవు కాదు, కానీ ఊళ్లో పని చేసేవాడు కనబడడు. మొదటి ఊరేగింపు 1823లో జరిగింది. రెండు వందల ఏళ్లయిందని ఆ ఏడు మొదటిసారిగా రైన్ నదికి అవతలి ఒడ్డున, డాయిట్స్‌లో మొదలుపెట్టి వంతెన దాటించారు. నేను గొడుగు తిరగేసి పట్టుకుని నిలబడ్డాను. మిఠాయిలు పట్టుకునే పద్ధతి అదే. 'కమెల్లె!' అని అరిస్తే బండ్ల మీదినుంచి చాక్లెట్లు, పూలు గుప్పిస్తారు. పూలు గొడుగులో పడ్డాయి, చాక్లెట్ల అట్టపెట్టె నా నుదుటికి తగిలింది. పక్కనున్న ముసలావిడ నన్ను పరామర్శించి, పెట్టె తన సంచిలో వేసుకుంది.

ఎర్ర కోట్ల రోటె ఫుంకెన్ దళం వచ్చింది. పాతకాలపు ఊరి సైనికులకు వెక్కిరింపు ఇది. తుపాకులతో బింకంగా నిలబడి, ఉన్నట్టుండి వీపులు కలిపి పిరుదులు రాసుకుంటూ ఆడతారు. సైన్యాన్ని ఇంతకన్నా బాగా వెక్కిరించడం నేను చూడలేదు. చివర్లో ఈ ఆరు రోజులకు ఊరిని ఏలే ముగ్గురు: రాకుమారుడు, రైతు, కన్య. కన్య మగవాడే, రెండు జడలతో. ఆడవేషం మగవాడికి తగదని నాజీలు 1938, 1939లో మాత్రం ఆడవాళ్లనే పెట్టించారు. పోయాక మళ్లీ మగ కన్యే వచ్చింది. జడలు సర్దుకుంటూ చెయ్యి ఊపుతున్న ఆయన్ను చూస్తే నా సవరం గుర్తొచ్చింది. భలే దురద పెట్టేది.

మంగళవారం రాత్రి మా వీధి చివరి బారు ముందు గడ్డి బొమ్మను దించారు. దాని పేరు నుబ్బెల్. అన్ని రోజులూ గుమ్మం పైన వేలాడిందది. పాదిరి వేషంలో ఒకాయన కొవ్వొత్తి వెలుగులో నేరాలు చదివాడు. 'జీతమంతా తాగి తగలేసింది ఎవరు?' 'నుబ్బెల్!' 'పరాయివాళ్లను ముద్దుపెట్టుకున్నది ఎవరు?' 'నుబ్బెల్!' తర్వాత నిప్పంటించారు. నా వెనక ఒకడు నిజంగానే ఏడ్చాడు. మా జాతర చివర్లో అమ్మవారి విశ్వరూపం నుంచి రాలిన మట్టికోసం జనం తోసుకుంటారు. ఇక్కడ బూడిద వైపు ఎవరూ చూడలేదు, చలికి లోపలికి పరుగెత్తారు.

బుధవారం తొమ్మిది గంటల సమావేశానికి రెండు నిమిషాలు ఆలస్యమయ్యాను. బూడిదరంగు కోటులో ఉన్న పైఅధికారి గడియారం వైపు చూశారు. ఆమె వెనక బోర్డు మీద మా బావమరిది టై వేలాడుతోంది.

ఆ శనివారమే పాతబట్టల అంగడిలో రెండు యూరోలకు ఒక టై కొనిపెట్టుకున్నాను. కత్తెరకు ఇబ్బంది లేకుండా పల్చటిది చూసి.