మాడ్యూల్ 16లో ఆయిల్ ప్రశ్నలు: తిరుపతిలో కూర్చుని నేను ఎలా చదివానంటే

ఏఎంఈ (విమానాల మెయింటెనెన్స్ ఇంజినీర్) లైసెన్స్‌కి చదివేవాళ్లలో ఎక్కువమంది టర్బైన్ వైపే, అంటే బీ1.1కే పోతారు. పిస్టన్ విమానాల బీ1.2 తీసుకుంటున్నానంటే మనల్ని కాస్త వింతగా చూస్తారు. ఎస్వీయూ క్యాంపస్‌లో చెట్ల కింద నా పక్కన కూర్చునేవాళ్లంతా గ్రూప్స్, డీఎస్సీ బ్యాచ్‌లే. వాళ్లు రాజ్యాంగం ఆర్టికల్స్ బట్టీ పడుతుంటే నేను రిలీఫ్ వాల్వ్ (ఆయిల్ ప్రెషర్ మితిమీరకుండా చూసేది) బొమ్మలు గీసుకునేవాణ్ని. సందేహం వస్తే అడగడానికి మనిషి ఉండడు. అందుకే చాలామంది వదిలేసే టాపిక్ ఒకటి పట్టుకుని రాస్తున్నాను: ఆయిల్ లెవల్, ఆయిల్ ప్రెషర్ ట్రబుల్‌షూటింగ్.

పరీక్ష లెక్క ఇదీ. పిస్టన్ ఇంజిన్ల పేపరైన మాడ్యూల్ 16లో బీ1కి 72 ప్రశ్నలు, 90 నిమిషాలు, 75 శాతం రావాలి. అంటే 54 కరెక్ట్ కావాలి, ఒక్కో ప్రశ్నకు 75 సెకన్లు. ఆ టైములో కొత్తగా ఆలోచించడం కష్టం. అలాగని క్వశ్చన్ బ్యాంకులు బట్టీ పడితే ఈ టాపిక్‌లో దెబ్బ తింటారు. ప్రశ్నలో ఒక్క మాట మారిస్తే జవాబు తిరగబడుతుంది. ‘ప్రెషర్ తక్కువ, టెంపరేచర్ నార్మల్’ అంటే ఒక జవాబు, ‘ప్రెషర్ తక్కువ, టెంపరేచర్ పెరుగుతోంది’ అంటే పూర్తిగా వేరే జవాబు.

నేను చేసిందల్లా ఆయిల్ వెళ్లే దారిని చార్టు మీద గీసి గోడకి అంటించడమే. సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి), సక్షన్ స్క్రీన్ (పంపుకి ముందుండే జాలి), పంపు, కూలర్, ఫిల్టర్, రిలీఫ్ వాల్వ్, గ్యాలరీలు (ఇంజిన్ లోపలి ఆయిల్ దారులు), బేరింగులు, మళ్లీ సంప్. ప్రతి మజిలీ దగ్గరా రెండే ప్రశ్నలు వేసుకున్నాను. ఇది మూసుకుపోతే ఏమవుతుంది? తెరుచుకునే ఉండిపోతే ఏమవుతుంది? రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని ఉండిపోతే ఆయిల్ సంప్‌లోకి వెళ్లిపోతుంది, ప్రెషర్ పడిపోతుంది. మూసుకుని ఇరుక్కుంటే ప్రెషర్ మితిమీరుతుంది. సక్షన్ స్క్రీన్ పూడుకుపోతే పంపుకే ఆయిల్ అందదు. ఫిల్టర్ పూడుకుపోతే మాత్రం బైపాస్ వాల్వ్ తెరుచుకుంటుంది. ఇంజిన్‌కి ఆయిల్ ఆగదు, కానీ వడకట్టని ఆయిల్ వెళ్తుంది. ఈ చివరిది పరీక్షలో బాగా తికమక పెడుతుంది.

అన్నిటికన్నా ముందు బుర్రకెక్కాల్సింది ఇంకోటుంది. పంపు ప్రెషర్ ఇవ్వదు, ఆయిల్‌ని తోస్తుందంతే. దారిలో ఎదురయ్యే అడ్డు వల్ల ప్రెషర్ పుడుతుంది. తోట పైపు చివర బొటనవేలు పెడితే నీళ్లు దూకుతాయి, తీస్తే జారిపోతాయి, అంతే సంగతి. బేరింగులు అరిగి సందు పెరిగితే వేలు తీసేసినట్టే. పంపు గేర్లు బాగానే ఉన్నా సూది కిందికి దిగుతుంది. వేడెక్కి పల్చబడిన ఆయిల్, తప్పు గ్రేడు ఆయిల్ కూడా ఇదే పని చేస్తాయి. కూలర్ వైపు ఆయిల్ మళ్లించే థర్మోస్టాటిక్ వాల్వ్ ఉంటుంది. లైకమింగ్ కంపెనీ పిస్టన్ ఇంజిన్లలో అది దాదాపు 85 డిగ్రీల సెల్సియస్ దగ్గర మూసుకుని, ఆయిల్‌ని కూలర్ గుండా పంపాలి. మూసుకోకపోతే ముందు టెంపరేచర్ ఎక్కుతుంది, వెనకే ప్రెషర్ దిగుతుంది.

ఇప్పుడు ఆ రెండు మీటర్ల ప్రశ్న సులువు. ప్రెషర్ పడిపోయి టెంపరేచర్ నార్మల్‌గా ఉంటే గేజ్‌నో, రిలీఫ్ వాల్వ్‌నో అనుమానించాలి. గేజ్ లైన్ తెగినా సన్నటి రంధ్రమున్న రిస్ట్రిక్టర్ ఉంటుంది కాబట్టి ఆయిలంతా ఒక్కసారిగా కారిపోదు. దగ్గర్లోని ఎయిర్‌పోర్టులో దిగి చూసుకోవచ్చు. రెండోది, ప్రెషర్ పోయి టెంపరేచర్ ఎక్కుతుంటే ఇంజిన్ ఆగిపోబోతోందని అర్థం. వెంటనే పవర్ తగ్గించి దిగడానికి చోటు వెతుక్కోవాలి. ఇక స్టార్ట్ చేశాక మామూలు వాతావరణంలో 30 సెకన్లలో సూది లేవకపోతే ఇంజిన్ ఆపేయాలి. వేచి చూద్దాం అనే ఆప్షన్ ఏ రూపంలో ఉన్నా కొట్టేయండి.

రేణిగుంట రోడ్డులో లారీల షెడ్డు నడిపే ఒకన్న దగ్గర కొన్నాళ్లు సాయంత్రాలు కూర్చున్నాను. విమానం ఆయనకి తెలీదు గానీ, ‘మీటరు తక్కువ చూపిస్తే ఇంజిన్ ఎందుకు విప్పుతావు, ఇంకో మీటరు తగిలించి చూడు ముందు’ అనేవాడు. మెయింటెనెన్స్ మాన్యువల్ చెప్పేదీ అదే. ట్రైనింగ్‌లో లైకమింగ్ ఇంజిన్ రిలీఫ్ వాల్వ్ విప్పినప్పుడు నాకు మిగతాది అర్థమైంది. క్యాప్ తీస్తే స్ప్రింగ్, దాని వెనక చిన్న స్టీలు బాల్. అది కూర్చునే సీటు మీద ఆవగింజంత కార్బన్ ముక్క. గోరుతో గీకితే వచ్చేసింది. ఆ ముక్క చాలు, బాల్ పూర్తిగా కూర్చోక ప్రెషర్ తక్కువ చూపించడానికి. బొమ్మలో అది ఒక గీతే కదా అని వదిలేసేవాళ్లు ఒక్కసారైనా విప్పి చూడాలి.

లెవల్ సంగతి. లెవల్ కొంచెం తగ్గగానే ప్రెషర్ పడిపోతుందని చాలామంది రాస్తారు. కాదు. సక్షన్ ఆయిల్‌లో మునిగి ఉన్నంతవరకు సూది కదలదు. గాలి పీల్చడం మొదలైతేనే సూది ఊగుతుంది. ఉన్న ఆయిల్ తగ్గడం వల్ల ముందుగా వేడి పెరుగుతుంది. సెస్నా 172ఎన్ అనే చిన్న విమానంలో సంప్ 6 క్వార్ట్‌లు (క్వార్ట్ అంటే లీటరుకి కాస్త తక్కువ), 4 కన్నా తక్కువుంటే నడపకూడదు. చిన్న ప్రయాణాలకు 5 వరకే పోయమంటారు, ఎందుకంటే నిండా పోస్తే పైన ఉన్నది బ్రీదర్ (ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే గొట్టం) గుండా బయటికి పోతుంది. విమానం పొట్ట కింద నూనె మరక చూసి లీక్ అనుకుని సీల్స్ మార్చేసేవాళ్లున్నారు! బ్రీదరే మూసుకుపోతే కథ వేరు. క్రాంక్‌కేస్‌లో ఒత్తిడి పెరిగి ముందున్న క్రాంక్‌షాఫ్ట్ సీల్ తోసుకొచ్చేస్తుంది.

వాడకం ఎక్కువైందా అని తేల్చడానికి లైకమింగ్ ఫార్ములా నోట్‌బుక్‌లో పెద్దగా రాసుకోండి: 0.006 ఇంటూ హార్స్‌పవర్ ఇంటూ 4 బై 7.4. 160 హెచ్‌పీకి గంటకు దాదాపు 0.52 క్వార్ట్ గరిష్ఠ పరిమితి. దాటితే రింగులు, వాల్వ్ గైడ్లు చూడాలి. కంప్రెషన్ టెస్ట్, స్పార్క్ ప్లగ్ మీద నూనె ఆనవాళ్లు అక్కడే వస్తాయి. డ్రై సంప్ (ఆయిల్ విడి ట్యాంకులో ఉండే ఏర్పాటు) నుంచి ఒక ప్రశ్న ఆశించండి. ఇంజిన్‌లోంచి ఆయిల్‌ని తిరిగి ట్యాంకుకి లాగే స్కావెంజ్ పంపు, ప్రెషర్ పంపు కన్నా ఎందుకు పెద్దది? తిరిగొచ్చే ఆయిల్ నురగతో, వేడితో ఎక్కువ జాగా తీసుకుంటుంది కాబట్టి.

నేను సెంటర్ చెన్నై పెట్టుకున్నాను. రైలుంది కదా అని పరీక్ష రోజు పొద్దున బయల్దేరకండి, టెన్షన్ ఎందుకు, ముందు రోజే వెళ్లి పడుకోండి. హాల్లో ఈ టాపిక్ ప్రశ్నల్లో రెండు ఆప్షన్లు కరెక్టే అనిపిస్తే ప్రశ్నలో ‘మొదట’ అనే మాట ఉందేమో చూడండి. ఉంటే డిప్‌స్టిక్ చూడటం, గేజ్ సరిచూడటం లాంటి ఏమీ విప్పనక్కర్లేని పని పెట్టండి. పంపు మార్చడం, ఇంజిన్ ఓవర్‌హాల్ చేయడం చివర్లో వచ్చే పనులు.