డబ్బా మానిటర్ కోసం వైజాగంతా తిరిగాను

అటక మీంచి దించిన పెంటియం 3 కంప్యూటర్‌ని మళ్ళీ నడిపించడం పెద్ద కష్టం కాలేదు. మదర్‌బోర్డు మీద సెల్ మార్చి, ర్యామ్ కాళ్ళని రబ్బరుతో రుద్ది, విండోస్ 98 ఎక్కించేసరికి లేచి కూర్చుంది. తంటా అంతా మానిటర్‌తోనే వచ్చింది. ఇంట్లో ఉన్న ఎల్‌సీడీకి తగిలించి ప్రిన్స్ ఆఫ్ పర్షియా పెడితే బొమ్మంతా మసకమసగ్గా ఉంది. కమాండర్ కీన్ పెడితే తెర పక్కకి జరిగినప్పుడల్లా చిన్న కుదుపు. చిన్నప్పుడు నేనాడిన ఆట ఇలా లేదు, అది మాత్రం ఖాయం.

కారణం వెతికితే నా చిరాకులో న్యాయం ఉందనే తేలింది. ఆ డాస్ (విండోస్‌కి ముందు తరం) ఆటలు ఎక్కువగా 320 బై 200 చుక్కల్లో గీసినవి. 1987లో ఐబీఎం తెచ్చిన వీజీఏ అనే డిస్‌ప్లే పద్ధతి ఒక్కో గీతనీ రెండుసార్లు గీసి, మొత్తం 400 గీతలు చేసి, సెకనుకి 70 సార్లు పంపుతుంది. పాత డబ్బా మానిటర్లలో (సీఆర్‌టీ) ఉండే పిక్చర్ ట్యూబ్‌కి తనకంటూ ఒక లెక్క లేదు. తన హద్దు దాటనంత వరకూ ఎన్ని గీతలొస్తే అన్నీ గీస్తుంది, 70 సార్లంటే 70 సార్లూ గీస్తుంది. ఎల్‌సీడీ గళ్ళు మాత్రం ఫ్యాక్టరీలోనే లెక్కపెట్టి బిగించేసినవి. వచ్చిన బొమ్మని సాగదీసి ఆ గళ్ళలో ఇరికించాలి కాబట్టి మసక. చాలా మోడళ్ళు 70ని 60కి కుదించి మధ్యలో కొన్ని ఫ్రేముల్ని మింగేస్తాయి కాబట్టి కుదుపు. పైగా ఎల్‌సీడీ ఒక ఫ్రేముని తర్వాతది వచ్చేదాకా అలాగే పట్టుకునుంటుంది. ట్యూబ్ లోపలి పూత, అంటే ఫాస్ఫర్, వెలిగి వెంటనే ఆరిపోతుంది. కదిలే బొమ్మ దాని మీద అంత తేటగా ఉండేది అందుకే.

సరే, డబ్బా మానిటరే కొనాలి. ఎక్కడ దొరుకుతుంది?

ముందు ద్వారకానగర్, తర్వాత డాబాగార్డెన్స్. ఒక షాపులో "సీఆర్‌టీ మానిటర్ ఉందా" అని అడిగితే కౌంటర్లో కుర్రాడు పక్కవాడి మొహం చూశాడు. "బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం ఉంది కదన్నా, అందులో ఉంటాయేమో అడగండి" అన్నాడు. నాకూ నవ్వొచ్చింది. ఓనరు మాత్రం పాత మనిషి. "ఎక్స్‌ఛేంజిలో తీసుకున్నవన్నీ ఎప్పుడో తుక్కు కింద పోయాయి బాబూ. గోడౌన్లో జాగా తినేస్తుంటే ఎవడుంచుకుంటాడు?" అని గాజువాక ఆటోనగర్ వైపు చూడమన్నాడు.

అక్కడ తుక్కు కొట్టు ఒకదాని వెనకాల మానిటర్లు గుట్టగా కనిపించేసరికి ప్రాణం లేచొచ్చింది. దగ్గరికెళ్ళి చూస్తే అన్నిటికీ మెడ విరిగిపోయి ఉంది. ట్యూబ్ మెడ చుట్టూ ఉండే యోక్ అనే తీగచుట్టలోనూ, అద్దం చుట్టూ తిరిగే డీగాస్ కాయిల్‌లోనూ (తెరకి పట్టిన అయస్కాంతత్వాన్ని పోగొట్టేది) రాగి తీగ ఉంటుంది. దానికోసం ముందు సుత్తితో ఒక్కటి వేస్తారు. మెడ విరిగి గాలి లోపలికి దూరిందంటే ఆ ట్యూబ్ కథ ముగిసినట్టే. ఇంకా కొట్టనివి వస్తే నాకు ఫోన్ చెయ్యమని నంబరు ఇచ్చాను. "దీనికేటి బాబూ అంత ఇది! రాగి తీసీసేక మిగిలింది గాజే కదా. ఆ గాజు ఎవుడూ కొనడు" అన్నాడు కొట్టాయన. ఎవరూ కొనకపోవడానికి కారణం ఉంది, అందులో సీసం ఉంటుంది. ఈ-వేస్ట్ నిబంధనలు 2011లో ఒకసారి, 2016లో ఒకసారి, 2022లో మరోసారి రాశారు. వాటి ప్రకారం ఇవి నమోదైన రీసైక్లర్ దగ్గరికి వెళ్ళాలి. వెళ్తున్నవి ఇక్కడికి.

తర్వాత మద్దిలపాలెంలో మూతపడ్డ ఒక నెట్ సెంటర్. షట్టర్ ఎత్తగానే వరసగా మానిటర్లు, పైకి చూడ్డానికి ఒక్క గీత లేదు. ఓనరు ఏరుకోమన్నాడు. నేను వెంట తీసుకెళ్ళిన పాత లాప్‌టాప్‌కి వీజీఏ పోర్టు ఉంది. దాన్ని తగిలించి తెరంతా తెల్లగా చేశాను. అడుగున గోధుమరంగు పట్టీ, దాని ఎడమ చివర స్టార్ట్ బటన్ ఆకారం, కుడివైపు పైమూల చిన్న గడి. గంటకింత అని లెక్కగట్టే టైమర్ ఎప్పుడూ ఆ మూలే ఉండేది కదా, దాని నీడ అద్దంలోకి ఇంకిపోయింది. రెండోదానికీ అంతే, మూడోదానికీ అంతే. పైగా అన్నీ డల్‌గా ఉన్నాయి, బ్రైట్‌నెస్ నూరుకి పెంచినా తెలుపు తెలుపులా లేదు.

నా వెతుకులాట దారి మారింది అక్కడే. ట్యూబ్ ఏ సంవత్సరంలో పుట్టిందన్నది అంత ముఖ్యం కాదు, ఎన్ని గంటలు వెలిగిందన్నదే లెక్క. లోపల ఎలక్ట్రాన్లని వదిలే క్యాథోడ్ వాడేకొద్దీ అరిగిపోతుంది. కెపాసిటర్ పోతే మార్చచ్చు, స్విచ్ పోతే మార్చచ్చు, ట్యూబ్ నీరసించిపోతే మాత్రం మార్చడానికి కొత్త ట్యూబ్ ఎక్కడా లేదు. పొద్దున్నుంచి రాత్రిదాకా వెలిగిన నెట్ సెంటర్ల మానిటర్లూ, ఆఫీసుల మానిటర్లూ వదిలేసి ఇళ్ళల్లో వెతకాలి. పిల్లలు చదువుకునేటప్పుడు కొని, వాళ్ళు బెంగళూరో అమెరికానో వెళ్ళిపోయాక దుప్పటి కప్పేసిన కంప్యూటర్లు మన ఊళ్ళో తక్కువేం లేవు.

వైజాగ్‌లో ఇంకో రెండు ప్రశ్నలు కూడా అడగాలి. మొదటిది, ఇల్లు సముద్రానికి ఎంత దూరం. లాసన్స్ బే కాలనీలో ఒకరింట్లో మంచి 17 అంగుళాల మానిటర్ చూశాను. వెనక స్క్రూలు తుప్పుతో ఉబ్బిపోయాయి, వీజీఏ కేబుల్ పిన్నుల మీద పచ్చటి చిలుము. బయటే అలా ఉంటే లోపల బోర్డు ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. నమస్కారం పెట్టి వచ్చేశాను. రెండోది, హుద్‌హుద్ తుపానులో తడిసిందా అని. 2014 అక్టోబర్ 12న ఎంతమంది ఇళ్ళలో కిటికీ అద్దాలు పగిలి నీళ్ళొచ్చాయో అందరికీ తెలుసు. తడిసినదాన్ని ఎండబెట్టి దాచినవాళ్ళు ఆ మాట వాళ్ళంతట వాళ్ళు చెప్పరు, అడిగితే మాత్రం దాచరు.

చుట్టాల వాట్సాప్ గ్రూపులన్నిట్లో మెసేజ్ పెట్టాను. మా పెద్దమ్మ కూతురు ఒక నంబరు పంపింది. స్టీల్‌ప్లాంట్‌లో రిటైరై, ఉక్కునగరం క్వార్టర్ ఖాళీ చేసి, కూర్మన్నపాలెంలో సొంతిల్లు కట్టుకున్న పెద్దాయన. వాళ్ళబ్బాయి ఇంజనీరింగ్‌లో ఉన్నప్పుడు కొన్నది. వెళ్ళేముందు ఫోన్లో ఒకటే కోరాను: "అంకుల్, నేనొచ్చేదాకా ఆన్ చెయ్యకండి." ఇది ఎవరికైనా చెప్తాను. నీరసించిన ట్యూబ్ కూడా అరగంట వేడెక్కాక పరవాలేదనిపించే బొమ్మ ఇస్తుంది. అసలు రంగు చల్లగా ఉన్నప్పుడే బయటపడుతుంది. అందుకే వెళ్ళగానే మానిటర్ వెనక చిల్లుల మీద చెయ్యి పెట్టి చూడాలి. వెచ్చగా ఉంటే మనం కాఫీ తాగి, కబుర్లాడి, చల్లారాకే చూడాలి.

ఆంటీ లేసు కుట్టిన గుడ్డ తీసింది. కింద మళ్ళీ ప్లాస్టిక్ కవరు. వెనక లేబుల్ మీద 2004, 17 అంగుళాలు, 30 నుంచి 70 కిలోహెర్ట్జ్. సెకనుకి ఎన్ని వేల గీతలు గీయగలదో చెప్పే ఆ అంకె నాకు కావలసిందే. 1024 బై 768ని 85 హెర్ట్జ్‌లో, అంటే సెకనుకి 85 సార్లు, నడపాలంటే దగ్గరదగ్గర 69 కిలోహెర్ట్జ్ కావాలి. 54 దగ్గర ఆగిపోయే 15 అంగుళాలవైతే 800 బై 600 దాకానే 85 ఇస్తాయి. సోనీ ట్రినిట్రాన్, మిత్సుబిషి డైమండ్‌ట్రాన్ లాంటివి దొరికితే అదృష్టం. వాటిలో తెర వెనక చిల్లుల రేకు బదులు నిలువు తీగలుంటాయి, ఆ తీగలు కదలకుండా పట్టే సన్నటి అడ్డ తీగ నీడ తెర మీద కనిపిస్తుంది, అది పాడైనట్టు కాదు. ఇది మామూలు చిల్లుల రేకుదే. డాస్ ఆటలకి నాకు ఇదీ చాలు.

ఆన్ చేశాను. డీగాస్ 'ధబ్' మంది. పదో సెకనుకల్లా బొమ్మ వచ్చింది, రంగు తేడా లేదు. కర్టెన్లు వేయమని తెర మొత్తం నల్లగా చేశాను. బూడిదరంగు వెలుగు లేదు, ఏటవాలు గీతల్లేవు. తెల్లగా చేశాను. నీడల్లేవు, ఒక మూల కొంచెం గులాబీ రంగు ఉంటే మెనూలో డీగాస్ నొక్కగానే పోయింది. నలుపు, తెలుపు, నలుపు, తెలుపు గబగబా మార్చాను. ఇలా మార్చినప్పుడు బొమ్మ ఉబ్బి తగ్గుతుంటే హై వోల్టేజ్ నిలకడగా లేనట్టు. ఇది కదల్లేదు. నాలుగు మూలలా చిన్న అక్షరాలు పెట్టి చూస్తే కింద ఎడమవైపు మాత్రం ఎరుపు నీలం కాస్త విడిపోయాయి. చివరగా పక్కన అరచేత్తో మెల్లగా తట్టాను, బొమ్మ ఒక్కసారి వణికింది.

"ఏటి బాబూ, పాడైపోయిందేటి?" అన్నారు అంకుల్, నా పరీక్షలన్నీ కళ్ళార్పకుండా చూస్తూ. ఎక్కడో డ్రై సోల్డర్ ఉందండీ, అంటే టంకం పట్టు వదిలింది, బాగవుతుందన్నాను. తుక్కువాడు రెండొందలిస్తానన్నాడట. నేను ఏడొందలిచ్చాను. ఆంటీ లేసు గుడ్డ కూడా ఇచ్చేసింది.

ఆటోలో తెచ్చేటప్పుడు అద్దాన్ని సీటు వీపు వైపు తిప్పి పెట్టాలి, బరువంతా ముందు అద్దంలోనే ఉంటుంది. ఎన్ఏడీ కొత్తరోడ్డు దాటేదాకా దాన్ని కావలించుకుని కూర్చున్నాను. డ్రైవరు అద్దంలో చూసి నవ్వుకుంటున్నాడు.

డ్రై సోల్డర్ పని నేనే చేద్దామని ఆలోచించలేదు. ట్యూబ్ మీదకి 25 వేల వోల్టుల దాకా వెళ్తుంది, ప్లగ్ పీకేసినా ఆ చార్జి లోపల నిలిచి ఉంటుంది. కంచరపాలెంలో ఇప్పటికీ పాత టీవీలు బాగుచేసే మెకానిక్ ఒకాయనున్నాడు. వెనక డొప్ప ఊడదీసి, స్క్రూడ్రైవర్‌కి తీగ చుట్టి, ఆ తీగని చట్రానికి కట్టి, ట్యూబ్ మీద రబ్బరు టోపీ కిందకి మెల్లగా దూర్చాడు. టప్ మంది. "ఇన్నాళ్ళయినా చూడండి గురూ, ఎలా దాచుకుందో" అన్నాడు. ఎల్‌ఓటీ (ట్యూబ్‌కి హై వోల్టేజ్ ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్) కాళ్ళ దగ్గర టంకం చుట్టూ వెంట్రుకవాసి నల్లటి ఉంగరం. భూతద్దంలో చూపిస్తే గానీ నాకు కనిపించలేదు. పాత టంకం పీల్చేసి కొత్తది పోసి, ఎల్‌ఓటీ మీదున్న ఫోకస్ బిరడా కొంచెం తిప్పి, "అక్షరం చూడండి" అన్నాడు. మూల దగ్గర విడిపోయిన రంగుల్ని మాత్రం ముట్టుకోవద్దన్నాడు. యోక్ కదిపితే అక్కడ బాగుపడి ఇంకోచోట చెడుతుందట. వదిలేశాను, ఆడేటప్పుడు తెలీడం లేదు.

ఇంటికొచ్చాక రెండు చిన్న పనులు. విండోస్ తనంతట తాను 60 హెర్ట్జ్‌లో పెట్టుకుంటుంది, తెర రెపరెపలాడి గంటలో తలనొప్పి తెప్పిస్తుంది. డిస్‌ప్లే సెట్టింగుల్లో 85 చేసుకోవాలి. విండోస్ ఎక్స్‌పీ వాడేవాళ్ళకి చాలా గేములు మొదలవగానే మళ్ళీ 60కి పడిపోయే జబ్బుంది, దానికి వేరే చిన్న ప్రోగ్రాములున్నాయి. రెండోది స్పీకర్లు. పక్కన పెట్టగానే తెర అంచున ఊదారంగు మరక పడింది. అయస్కాంతం పని అది. రెండడుగులు దూరం జరిపి డీగాస్ కొడితే పోయింది. కొత్త కంప్యూటర్‌కి తగిలిద్దామనుకునేవాళ్ళు ముందు గ్రాఫిక్స్ కార్డు చూసుకోండి. ఎన్విడియా కార్డుల్లో ఈ మానిటర్లకి కావలసిన అనలాగ్ సిగ్నల్ నేరుగా ఇచ్చినవి జీటీఎక్స్ 900 సిరీస్‌తో ఆగిపోయాయి. ఆ తర్వాతవాటికి హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే అడాప్టర్ కొనుక్కోవాలి. 17 అంగుళాలవాటికి అది చాలు.

నేను బయల్దేరేముందు మెకానిక్ చెప్పిన మాట ఇంకోటుంది. ఈ మోడల్ ఎల్‌ఓటీ ఇప్పుడు మార్కెట్లో లేదు, అదే మోడల్ చచ్చింది దొరికినా కొని పెట్టుకోమన్నాడు. వెనక లేబుల్ ఫోటో తీసి ఆటోనగర్ కొట్టాయనకి పంపాను. కొన్నాళ్ళకి ఫోనొచ్చింది: "బాబూ, నువ్వు చెప్పిందే వచ్చినాది. తీసుకెళ్తావా, కొట్టీమంటావా?" రాగి ధర కట్టి తెచ్చుకున్నాను. మంచం కింద ఉంది.