తోక కోసిన మిగ్

మూడు వారాలు కూచుని అతుకు కనపడకుండా అతికించిన ప్లాస్టిక్ మోడల్ విమానాన్ని ఒక ఆదివారం రంపం పెట్టి రెండు ముక్కలు కోసేసాను. మా ఆవిడ వంటింట్లోంచి చూసి "ఏటైంది, ఎవరి మీద కోపం?" అంది. కోపం కాదు, కిట్టు కొన్నరోజే అనుకున్న పని అది, కాకపోతే కొయ్యడానికి రెండు రోజులు చెయ్యి రాలేదు అంతే.

సంగతేంటంటే మిగ్-21 యుద్ధవిమానాన్ని నిజంగానే అలా రెండు ముక్కలు చేస్తారు. ఇంజన్ బయటికి తియ్యాలంటే రెక్క వెనక అంచు దగ్గర జాయింటు ఉంటుంది, అక్కడ విప్పి తోక భాగం మొత్తం, నిలువు ఫిన్నూ పక్క టెయిళ్ళూ అన్నీ దాంతోపాటే, ట్రాలీ మీద వెనక్కి లాగేస్తారు. అప్పుడు ఇంజన్ బయటపడుతుంది. మోడల్స్ కట్టేవాళ్ళు చాలామంది మిగ్ అంటే ముక్కూ మిస్సైళ్ళూ చూపిస్తారు. నాకు ఆ లోపలి గొట్టమే కావాలి, ఎందుకంటే నేను పుట్టింది సునాబెడాలో.

సునాబెడా తెలీనివాళ్ళకి చెప్తున్నా, ఒడిశాలో కొరాపుట్ జిల్లా, వైజాగ్ నుంచి సాలూరు ఘాట్ ఎక్కి పొట్టంగి మీదుగా వస్తే తగులుతుంది. హెచ్ఏఎల్, అంటే హిందుస్తాన్ ఏరోనాటిక్స్ వాళ్ళ ఇంజన్ ఫ్యాక్టరీ ఇక్కడే, 1964 లో పెట్టారు. మిగ్ బాడీ నాసిక్ లో, ఎలక్ట్రానిక్స్ హైదరాబాద్ లో, ఇంజన్ మా కొండ మీద, అలా పంచారు. ఆర్-11 ఇంజన్, తర్వాత మిగ్-21 లో బిస్ అనే రకానికి ఆర్-25, ఆ తర్వాత మిగ్-27 ఇంజన్, ఇప్పుడు సుఖోయ్ ఇంజన్. మా నాన్న అందులో ముప్ఫయ్యేళ్ళ పైన చేసారు. శ్రీకాకుళం వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన తెలుగువాళ్ళు బోలెడుమంది, మేమూ ఆ బాపతే. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, నాన్న ఫ్రెండ్స్ వస్తే హిందీ.

చిన్నప్పుడు మాకు విమానం కనపడేది కాదు, వినపడేది. టెస్ట్ బెడ్ మీద, అంటే ఇంజన్ని బిగించి పరీక్షించే చోట, ఇంజన్ నడిపితే గాలివాటాన్ని బట్టి కొండల్లోంచి ఒక మోత వచ్చేది. "నాన్నా ఇవాళ మీదేనా?" అని అడిగితే "అన్నం తిను" అనేవారు. ఫ్యాక్టరీ సంగతి ఇంట్లో ఒక్క మాట మాట్లాడేవారు కాదు. రిటైరయ్యాక కూడా అంతే. పక్కింటి ఒడియా పిల్లాడు "జేజే (తాతా), ఉడాజాహాజ్ (విమానం) నువ్వు చేసావా?" అంటే నవ్వేసి ఊరుకుంటారు.

నేను మాత్రం ఫ్యాక్టరీలోకి వెళ్ళలేదు. ఐటీఐ అయ్యాక అప్రెంటిస్ కి రాసాను, రాలేదు, సిమిలిగుడలో మోటార్ రివైండింగ్ షాపు పెట్టుకున్నాను. ఫ్యాన్లు, పంపుసెట్లు, మిక్సీలు. ఆ షాపు ఈ మోడల్ కి ఎంత పనికొచ్చిందో కింద చెప్తాను.

2025 సెప్టెంబర్ 26 న చండీగఢ్ లో మిగ్-21 లకి రిటైర్మెంట్ ఇచ్చారు కదా, టీవీలో లైవ్ చూసాం. 1963 లో అదే చండీగఢ్ లో మొదలై మళ్ళీ అక్కడే ముగిసింది, 62 ఏళ్ళు. యాంకర్లు పైలట్ల గురించి చెప్పారు, యుద్ధాల గురించి చెప్పారు, ఎగిరే శవపేటిక అన్న మాట కూడా వాడారు, నాన్న రిమోట్ తీసుకుని సౌండ్ తగ్గించేసారు. కొరాపుట్ పేరు ఎవరైనా ఎత్తుతారేమో అని నేను చూస్తూనే ఉన్నా. మేం చూసినంతసేపట్లో ఎత్తలేదు. ఆ రాత్రే కిట్టు ఆర్డర్ పెట్టేసాను.

ఎడ్యార్డ్ వాళ్ళ 1/48 మిగ్-21 బిస్, అంటే అసలు విమానంలో నలభై ఎనిమిదో వంతు. చెక్ కంపెనీ. ధర ఇక్కడ రాయను, మా ఆవిడ చదువుతుంది, తనకి చెప్పిన ధర వేరు. రెక్కల వెడల్పు పదిహేను సెంటీమీటర్లు, పొడవు మాత్రం ముక్కు మీద వేగం కొలిచే పిటో గొట్టంతో కలిపి అడుగు దాటుతుంది, ఆ గొట్టం ఇప్పటికి రెండుసార్లు విరిగింది, రెండోసారి ప్లాస్టిక్ ది పారేసి ఇంజక్షన్ సూది పెట్టాను, మందుల షాపువాడు "ఎవరికి జ్వరం?" అన్నాడు, విమానానికి అన్నాను. రంగులు కొరియర్ లో రావు, మంట అంటుకునే సరుకు అంటారు, అందుకని మా బావ వైజాగ్ నుంచి బస్సులో తెచ్చాడు, చీరల సంచిలో చుట్టి.

కాక్‌పిట్ గురించి ఎక్కువ చెప్పను. రష్యా విమానాల లోపలి రంగు ఒకటుంటుంది, మైలుతుత్తం నీళ్ళలో కాస్త పాలు పోసినట్టు, అది కలుపుకోవడానికి ఒక సాయంత్రం పట్టింది. మిగతాదంతా డబ్బాలో ఇచ్చిన ఇత్తడి రేకు ముక్కలే, వంచి అంటించడమే.

కొయ్యడం దగ్గరికి వద్దాం. ముందు రెండు సగాలూ అతికించి, ఆరాక జాయింటు గీత మీద ఇన్సులేషన్ టేపు చుట్టూ తిప్పాను, రెండు కొసలూ సరిగ్గా కలిస్తేనే గీత తిన్నగా ఉన్నట్టు. దాని అంచు పట్టుకుని ముందు సూదితో గీసుకుంటూ గాడి చేసి, తర్వాత సన్న రంపంతో ఒకే చోట రుద్దకుండా విమానాన్ని తిప్పుతూ కోసాను. గుమ్మడికాయలా ఒకవైపు నుంచి నరికితే రెండోవైపు గీత కలవదు, ఇంతకుముందు ఒక పాత కిట్టు అలాగే తగలేసాను.

కోసాక అసలు సమస్య. ప్లాస్టిక్ గోడ మందం ఒకటింపావు మిల్లీమీటర్లు ఉంది. నలభై ఎనిమిదితో గుణించండి, ఆరు సెంటీమీటర్లు. అంటే మన విమానం రేకుతో కాదు, ఇటకలతో కట్టినట్టు కనిపిస్తుంది. అతికించి ఉన్నంతసేపూ ఎవడికీ తెలీదు, కోస్తే గుట్టు బయటపడిపోతుంది. అందుకని అంచుని లోపలినుంచి చెక్కుతూ చెక్కుతూ, వెలుతురుకి పెడితే అవతలి వేలు నీడ కనపడేంత పల్చగా చేసాను. రెండు చోట్ల చిరిగింది. ఫెవిక్విక్ పోసి దాని మీద పౌడర్ చల్లితే రాయిలా గట్టిపడుతుంది, అప్పుడు మళ్ళీ అరగదీసుకోవచ్చు. లోపల గుండ్రటి ఫ్రేములు ఐస్‌క్రీమ్ డబ్బా మూతల్లోంచి కత్తిరించినవి. ఇంకోటి, తోక బరువుకి విమానం వెనక్కి కూచోకుండా అలవాటు కొద్దీ ముక్కులో గాలానికి కట్టే సీసం ముక్కలు పెట్టి మూసేసాను, తోకే లేని విమానానికి అదెందుకో కోసేదాకా గుర్తు రాలేదు. అలాగే ఉంది లోపల.

ఇంజన్. రెజిన్ లో పోతపోసిన ఇంజన్లు విడిగా అమ్ముతారు, కొనుక్కుని పెట్టెయ్యొచ్చు. కానీ కొరాపుట్ లో పుట్టి ఆర్-25 ని విదేశం నుంచి తెప్పించుకోవడం ఏం బాగుంటుంది చెప్పండి. సొంతంగా చెయ్యాలనుకున్నాను. అసలు ఇంజన్ పొడవు నాలుగు మీటర్ల అరవై చిల్లర, మన కొలతలో 96 మిల్లీమీటర్లు. ఎండిపోయిన బోర్డు మార్కర్ గొట్టం కోస్తే ఒళ్ళు దొరికింది. ముందు భాగంలో గాలిని నొక్కే కంప్రెసర్, ఆర్-11 కి రెండు షాఫ్టుల మీద మూడూ మూడూ ఆరు స్టేజిలు, అంటే బ్లేడ్ల వరసలు, అయితే ఆర్-25 కి మూడూ అయిదూ ఎనిమిది, అవి లోపల ఉంటాయి కాబట్టి నాకు పని లేదు, ముందు వరస బ్లేడ్లు మాత్రం బీరు టిన్ను రేకుతో చేసాను. వెనక సగం పొడవునా ఆఫ్టర్‌బర్నర్ గొట్టం, తోపు పెంచడానికి అదనంగా ఇంధనం మండించేది అందులోనే. ఈ ఇంజన్ మామూలుగా ఆఫ్టర్‌బర్నర్ తో 7,100 కిలోల తోపు ఇస్తుంది, నాలుగు కిలోమీటర్ల ఎత్తు లోపు అవసరమైతే దాన్ని మించి ఇంకో గేరు లాంటిది ఉంది, మూడు నిమిషాలు మించి వాడకూడదు. మూడు నిమిషాలు! మా షాపుకొచ్చే పంపుసెట్లవాళ్ళు మోటార్ని రాత్రంతా ఓవర్‌లోడ్ లో నడిపి తెల్లారి తెచ్చి "ఎందుకు కాలింది?" అంటారు.

పైపులన్నీ నా షాపు సరుకే. ఫ్యాన్ వైండింగ్ కి వాడే 36 గేజి రాగితీగ నిజం కొలతలో తొమ్మిది మిల్లీమీటర్ల పైపు అవుతుంది, 22 గేజి అయితే ముప్ఫై నాలుగు. ఇరవయ్యేళ్ళుగా చేత్తో తిప్పిన తీగ, ఎక్కడ వంచితే ఎలా ఒదుగుతుందో వేళ్ళకి తెలుసు, ఒక్క పైపు కూడా నలగలేదు. ఎంతసేపూ నాన్న పని గొప్పది నాది ఫ్యాన్ల పని అనుకునేవాణ్ణి, ఆ రెండు వారాలు అలా అనిపించలేదు. పైపులు ఎటునుంచి ఎటు వెళ్తాయో మ్యూజియంల్లో పెట్టిన ఇంజన్ల ఫొటోలు చూసి వేసాను, నాన్నని అడగలేదు. అడిగితే "అన్నం తిను" అంటారని భయం, ఇప్పటికీ.

రంగుల దగ్గర వాతావరణం ఏడిపించింది. అక్టోబర్ నెలాఖర్లో ముసురు పట్టింది, కిటికీ తీస్తే మబ్బు ఇంట్లోకే వచ్చేస్తుంది మాకు. అలాంటప్పుడు రంగు కింద కొట్టే లాకర్ ప్రైమర్ కొడితే గాల్లో తడిని లాక్కుని తెల్లగా బూజు పట్టినట్టు అయిపోతుంది. ఒక రెక్క అలా పాడయింది, అరగదీసి మళ్ళీ కొట్టాను. తర్వాత ఎండ కాసిన మధ్యాహ్నాలు చూసుకుని, షాపు మూసి మరీ కొట్టాను, గిరాకీలు తిట్టుకున్నారు. పైన లేత బూడిద రంగు, మన కాషాయం తెలుపు ఆకుపచ్చ గుండ్రం, అంతే. ఇంజన్ కి మెరిసే అల్యూమినియం, వెనక గొట్టానికి స్టీలు రంగు. తళతళలాడిపోయింది. మొత్తం ఒక చెక్క మీద పెట్టాను, ముందు ముక్క, మధ్యలో ట్రాలీ మీద ఇంజన్, దాని వెనక తోక.

ఆ రాత్రి హాల్లో పెట్టి పడుకున్నాను. పొద్దున లేచేసరికి నాన్న కుర్చీ లాక్కుని దాని ముందు కూచున్నారు, కళ్ళజోడు తీసి, నా షాపు భూతద్దం పట్టుకుని. టీ చల్లారిపోయింది. నేను వెనక నిలబడ్డాను. చాలాసేపటికి అన్నారు,

"ఇంత మెరవదురా."

"కొత్త ఇంజన్ కదా నాన్నా."

"కొత్తదే. టెస్ట్ బెడ్ ఎక్కి దిగలేదా? మరి ఎక్కకుండా బయటికెలా పంపుతారు? వెనకవైపు రంగు తిరుగుతాది. వేడి తక్కువ తగిలిన చోట ఎండుగడ్డి రంగు, ఎక్కువైతే వంకాయ రంగు, ఇంకా ఎక్కువైతే నీలం. ఒక్కసారే రాదు, ఒకదాంట్లోంచి ఒకటి జారుతున్నట్టు వస్తాది. కాలిన మోటార్లు చూస్తావు కదా, రంగు చూసి చెప్పవా ఎక్కడ కాలిందో?"

నా జన్మలో ఆ ఫ్యాక్టరీ గురించి ఆయన నాతో మాట్లాడిన అన్ని మాటలూ కలిపినా ఇంతుండవు. నోరు మూసుకుని విన్నాను. ఆ వారమంతా నీళ్ళలా పల్చగా చేసిన పసుపు, గోధుమ, ఊదా, నీలం పొరలు ఒకదాని మీద ఒకటి కొట్టుకుంటూ పోయాను, ఆయన సాయంత్రం వాకింగ్ నుంచి వచ్చి చూసి "ఇంకా" అనేవారు, లేకపోతే "ఎక్కువైంది, తుడిచెయ్" అనేవారు. నాలుగో రోజు ఏమీ అనలేదు, అంటే బాగున్నట్టు అనుకున్నాను.

అయిదో రోజు మళ్ళీ భూతద్దం. ఈసారి పైపుల మీద.

"లాక్ వైర్ లేదేం?"

బోల్టులు అదురుకి ఊడిపోకుండా ఒకదానికొకటి సన్న స్టీలు తీగతో మెలిపెట్టి కడతారు, దాన్నే లాక్ వైర్ అంటారు. లెక్క వేసి చూపించాను. ఎనిమిది పాయింట్ల తీగ అనుకుంటే, అంటే 0.8 మిల్లీమీటర్లు, మన కొలతలో 0.017 వస్తుంది, 50 గేజి తీగ కూడా దీనికంటే మందమే, తల వెంట్రుక అయితే మోకు కింద లెక్క. కుదరదు నాన్నా అన్నాను.

"లాక్ వైర్ లేకపోతే ఇన్స్పెక్షన్ లో పాసవదు" అని భూతద్దం నా చేతిలో పెట్టి స్నానానికి వెళ్ళిపోయారు.

కిట్టులో మిగిలిపోయిన ప్లాస్టిక్ చట్రం ముక్కని కొవ్వొత్తి మీద మెత్తబడేదాకా కాచి రెండువైపులా లాగితే సాలెగూడు పోగులాగా సాగుతుంది. నిన్న రాత్రి పదకొండింటికి ఊపిరి బిగబట్టి ఒక బోల్టు నుంచి పక్క బోల్టుకి ఒక పోగు కట్టాను. ఫ్యాన్ ఆపి కట్టాలి. ఇంకా ఎన్ని బోల్టులున్నాయో లెక్కపెట్టలేదు.