అరిజోనా ఎండలో షార్ట్‌స్టాప్ కుర్రాళ్లు

అక్టోబర్‌లో ఫీనిక్స్ వెళ్తున్నానంటే టెక్సస్‌లోని మా ఫ్రిస్కోలో స్నేహితులంతా గ్రాండ్ కాన్యన్‌కేనా అని అడిగారు. నేను వెళ్లింది అరిజోనా ఫాల్ లీగ్ అనే బేస్‌బాల్ పోటీల కోసం. 1992లో మొదలైన ఈ లీగ్‌లో ఆరు జట్లుంటాయి. బేస్‌బాల్‌లో పై మెట్టైన మేజర్ లీగ్‌లోని 30 జట్లూ తమ కింద ఎదుగుతున్న కుర్రాళ్లలో కొందరిని ఏరి ఇక్కడికి పంపిస్తాయి. మా ఊళ్లో టెక్సస్ రేంజర్స్ వాళ్ల డబుల్-ఏ జట్టు (మేజర్ లీగ్‌కి రెండు మెట్లు కింద) ఆడుతుంది కాబట్టి ఇలాంటి కుర్రాళ్లని చూడటం నాకు అలవాటు. వీళ్లలో పైకి వెళ్లేదెవరు, ఇక్కడే ఆగిపోయేదెవరు అన్న ప్రశ్న మాత్రం నన్ను వదలదు. అందులోనూ ఇన్‌ఫీల్డర్ల విషయంలో, అంటే బేస్‌ల దగ్గర కాసేవాళ్ల విషయంలో. అటు చెయ్యీ పనిచేయాలి, ఇటు బ్యాటూ పనిచేయాలి, మధ్యలో బుర్ర కూడా నిలవాలి.

మా బావమరిది చాండ్లర్‌లో ఉంటాడు. చుట్టుపక్కల మన తెలుగువాళ్లు చాలామందే. ఉదయం ఇడ్లీలు తిని 101 హైవే మీద ఉత్తరానికి బయల్దేరాం. దారిలో టెంపే తగులుతుంది. అక్కడి అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో ఒకప్పుడు ఒకే షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య కాసేవాడు) చోటు కోసం ఇద్దరు పోటీపడ్డారు: డస్టిన్ పెడ్రోయా, ఇయాన్ కిన్స్లర్. చోటు పెడ్రోయాకి దక్కింది. కిన్స్లర్ కాలేజీ మారిపోయాడు, 2003 డ్రాఫ్ట్‌లో (మేజర్ లీగ్ జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లని ఎంచుకునేది) 17వ రౌండ్‌లో గానీ ఎవరూ తీసుకోలేదు. పెడ్రోయా మరుసటి ఏడాది 65వ ఆటగాడిగా ఎంపికయ్యాడు. మనిషి పొట్టి. రికార్డుల్లోనే 5 అడుగుల 9 అంగుళాలు. తర్వాత పెడ్రోయా 2008లో అమెరికన్ లీగ్ ఎంవీపీ (ఆ ఏటి మేటి ఆటగాడు) అయ్యాడు, కిన్స్లర్ 1,999 హిట్లు కొట్టి రిటైరయ్యాడు. దేశమంతా తిరిగి కుర్రాళ్లని అంచనా వేసే స్కౌట్ల కళ్లముందే ఇది జరిగింది. వాళ్లకి ఆట తెలియక కాదు. పొట్టివాడు, చెయ్యి అంత బలం లేదు, పరుగు అంత వేగం లేదు అని రాసుకున్నవన్నీ నిజాలే. పెడ్రోయా మైనర్ లీగుల్లో స్ట్రైకవుట్ల (మూడు స్ట్రైకులతో అవుటవడం) కంటే ఎక్కువగా వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులు వదిలి ఫస్ట్ బేస్ పొందడం) తెచ్చుకున్నాడన్నదీ నిజమే, దానికి మాత్రం తగినంత విలువ ఇవ్వలేదు.

సాల్ట్ రివర్ ఫీల్డ్స్ స్టేడియం స్కాట్స్‌డేల్ అంచున, పీమా-మారికోపా ఆదివాసుల భూమి మీద ఉంది. 2011లో కట్టారు. అవుట్‌ఫీల్డ్ వెనక గడ్డి గట్టు, ఆ వెనక గోధుమరంగు కొండలు. పదకొండింటికే ఎండ నడినెత్తిన మాడుస్తోంది. జనం పల్చగా ఉన్నారు, అదే నాకు కావలసింది. బంతి గ్లవ్‌లో పడిన చప్పుడు ఎవరిదో వినగానే తెలిసిపోతుంది.

మ్యాచ్‌కి ముందు కోచ్ వరసగా నేలబారు బంతులు కొడుతుంటే ఇద్దరు షార్ట్‌స్టాప్‌లు ఒకరి తర్వాత ఒకరు ఆపుతున్నారు. ఇద్దరికీ ఒకటే పని, చేసే తీరు వేరు. మొదటివాడు పొడుగాటి కుర్రాడు, బంతి వచ్చేదాకా మడమల మీద నిలబడి, చివర్లో చెయ్యి చాపి అందుకుంటున్నాడు. చెయ్యి మంచిది కాబట్టి దొరుకుతోంది. రెండోవాడు బ్యాట్ తగలకముందే చిన్న గెంతు గెంతి, పాదాల ముందుభాగం మీద ఉంటున్నాడు. కుడి పాదం, ఎడమ పాదం పడే లోపలే బంతి గ్లవ్‌లోకి వస్తోంది. గ్లవ్ లోపల బంతి ఆగదు, తగిలీ తగలగానే కుడిచేతిలోకి జారుతుంది. అందుకే షార్ట్‌స్టాప్, సెకండ్ బేస్ వాళ్లు చిన్న గ్లవ్ వాడతారు, పదకొండుంపావు నుంచి పదకొండున్నర అంగుళాలది. లోతైన గ్లవ్‌లో బంతి ఇరుక్కుంటే ఆ అరక్షణమే కొంప ముంచుతుంది.

అరక్షణం అన్నది ఊరికే అన్న మాట కాదు. మా ముందు వరసలో స్కౌట్ ఒకాయన స్టాప్‌వాచ్‌తో కూర్చున్నారు, డెబ్భై దాటి ఉంటాయి. బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ నుంచి ఫస్ట్ బేస్ 90 అడుగులు. సగటు కుడిచేతి బ్యాటర్ 4.3 సెకన్లలో చేరతాడు, ఎడమచేతివాడు 4.2లో. బంతి అందుకోవడం, తీయడం, విసరడం అంతా ఆ లోపే అయిపోవాలి. ఆయన ప్రతి పరుగుకీ వాచ్ నొక్కి చిన్న పుస్తకంలో అంకె రాసుకుంటున్నారు. స్కౌట్లు మార్కులు వేసేది 20 నుంచి 80 వరకు, 50 అంటే మేజర్ లీగ్ సగటు. పలకరిస్తే మర్యాదగా మాట్లాడారు. షార్ట్‌స్టాప్ కుర్రాడి ఎర్రర్లు (ఫీల్డింగ్ తప్పులు) నేను లెక్కపెట్టను, ఎందుకు చేశాడో మాత్రం రాసుకుంటానన్నారు. నాకు ఆ మాట బాగా నచ్చింది.

1993లో మైనర్ లీగుల్లో, గ్రీన్స్‌బరోలో ఆడిన ఒక షార్ట్‌స్టాప్ ఒక్క సీజన్‌లో 56 ఎర్రర్లు చేశాడు. అంకె చూసి ఇతన్ని షార్ట్‌స్టాప్ నుంచి మార్చేయాలి అన్నా తప్పుపట్టలేం. ఆ డెరెక్ జీటరే 1994లో ఇదే ఫాల్ లీగ్‌లో చాండ్లర్ జట్టుకి ఆడి, 1996లో న్యూయార్క్ యాంకీస్‌కి ఆడుతూ రూకీ ఆఫ్ ది ఇయర్ (ఆ ఏటి మేటి కొత్త ఆటగాడు) అయ్యాడు. తర్వాత 3,465 హిట్లు, ఐదు గోల్డ్ గ్లవ్‌లు (మేటి ఫీల్డర్ బహుమతులు). పందొమ్మిదేళ్ల వాడి విసురు గతి తప్పడం వేరు, బంతి దగ్గరికి చేరలేకపోవడం వేరు. మొదటిది సాధనతో సర్దుకుంటుంది.

మ్యాచ్ మొదలయ్యాక ఆ పొడుగాటి కుర్రాడు రెండో ఇన్నింగ్స్‌లోనే ఒక ఫాస్ట్‌బాల్‌ని గడ్డి గట్టు దాటించి హోమ్ రన్ కొట్టాడు. మా బావమరిది లేచి చప్పట్లు కొట్టాడు. "బావా, వీడు స్టార్ అవుతాడు, రాసిపెట్టుకో!" అన్నాడు.

"తొందరపడకు. స్లైడర్ వేసినప్పుడు చూద్దాం," అన్నాను.

ఆ తర్వాత వచ్చిన ప్రతిసారీ పిచ్చర్లు వాడికి బయటికి జారిపోయే స్లైడర్లే వేశారు. అందని బంతికి బ్యాట్ ఊపుతూనే ఉన్నాడు. రెండు స్ట్రైకవుట్లు. వాడి మొహంలో కోపం కంటే అయోమయం ఎక్కువ కనిపించింది. చూస్తుంటే బాధేసింది, ఎందుకంటే నాకు వెంటనే బ్రాండన్ వుడ్ గుర్తొచ్చాడు. మేజర్ లీగ్‌లోని ఏంజెల్స్ వాళ్ల షార్ట్‌స్టాప్. 2005లో మైనర్ లీగుల్లో, రాంచో కుకమోంగాలో 43 హోమ్ రన్లు, ఆ వెంటనే ఈ ఫాల్ లీగ్‌లో ఇంకో 14 కొట్టి రికార్డు సృష్టించాడు. దేశంలోని మేటి కుర్రాళ్ల జాబితాలో మూడోవాడుగా పేరొచ్చింది. మేజర్ లీగ్‌లో మిగిలింది 272 మ్యాచ్‌లు, 18 హోమ్ రన్లు, సగటు .186. నూరు సార్లు బ్యాట్ పడితే 19 హిట్లు కూడా లేవన్నమాట. 2010లో 71 స్ట్రైకవుట్లకి వాక్‌లు ఆరే. ఎడారిలో వేడి గాలి పల్చగా ఉంటుంది, కొట్టిన బంతి దూరం పోతుంది. పైగా అక్టోబర్ నాటికి పిచ్చర్లు అలసిపోయి ఉంటారు. ఇక్కడి హోమ్ రన్లు చూసి మురిసిపోకూడదు అనేది అందుకే. ఏ బంతిని వదిలేస్తున్నాడో చూడాలి. అది మాత్రం ఏ ఊళ్లోనైనా, ఏ ఎండలోనైనా ఒకటే.

మర్నాడు సర్‌ప్రైజ్ అనే ఊరికి వెళ్లాం. చాండ్లర్ నుంచి ఫీనిక్స్ లోయకి అటు చివర, ట్రాఫిక్‌లో గంట దాటింది. అక్కడి స్టేడియం రేంజర్స్ స్ప్రింగ్ ట్రైనింగ్‌కి వచ్చే చోటు, మా డాలస్ వాళ్లకి పుట్టిల్లు లాంటిది. నాకు అక్కడ కాలుపెడితే జురిక్సన్ ప్రోఫార్ తప్ప ఇంకొకరు గుర్తురారు. కరీబియన్ దీవి క్యురసావ్ నుంచి వచ్చిన కుర్రాడు. 2012లో పందొమ్మిదేళ్లకే మేజర్ లీగ్‌లో మొదటిసారి బ్యాట్ పట్టి హోమ్ రన్ కొట్టాడు. 2013లో దేశంలోకెల్లా నంబర్ వన్ ప్రాస్పెక్ట్ (పైకొస్తాడని ఆశపెట్టుకున్న కుర్రాడు). పాదాలు, చేతులు, బంతిని వదిలే ఓర్పు, నేను వెతికేవన్నీ అతనిలో ఉన్నాయి. అతనికి సెకండ్ బేస్‌లో చోటు ఖాళీ చేయడానికి కూడా రేంజర్స్ ఆ సీజన్ అయ్యాక కిన్స్లర్‌ని డెట్రాయిట్‌కి పంపేశారు, అదే టెంపే కిన్స్లర్‌ని. నాలుగు నెలలు తిరిగేసరికి స్ప్రింగ్ ట్రైనింగ్‌లో ప్రోఫార్ భుజం దెబ్బతింది. 2014, 2015 రెండు సీజన్లూ పోయాయి. చివరికి 2024లో ఆల్‌స్టార్ అయ్యాడు, అదీ శాన్ డియాగోకి, అవుట్‌ఫీల్డ్‌లో లెఫ్ట్ ఫీల్డర్‌గా. విసిరే చెయ్యి మునుపటిలా లేకపోతే ఇన్‌ఫీల్డర్ బతుకు అలాగే మారిపోతుంది. దాన్ని ఏ స్టాప్‌వాచ్ ముందుగా చెప్పదు.

రేంజర్స్‌లో ఆ సెకండ్ బేస్ చోటికి వచ్చిన రూగ్నెడ్ ఓడోర్‌కి 30, ఆపైన హోమ్ రన్లు కొట్టిన సీజన్లున్నాయి, కానీ 2017లో సగటు .204. ఓపిక లేని బ్యాట్. మేం ఎంత ప్రేమించినా అది మారలేదు.

తిరుగు ప్రయాణంలో కార్లో మా వాదన తెగలేదు. హోమ్ రన్ కొట్టడం నేర్పితే రాదు, స్లైడర్ వదలడం నేర్పితే వస్తుంది అంటాడు మా బావమరిది. అందులో నిజం లేకపోలేదు. అయినా ఇరవై రెండేళ్లకి కూడా బంతి చేయి విడిచిన తొలి క్షణంలో అది ఎటు తిరుగుతుందో పట్టుకోలేని కన్ను, 95 మైళ్ల వేగం దగ్గర ఒక్కసారిగా తెరుచుకోవడం నేను పెద్దగా చూడలేదు. ఇద్దరు కుర్రాళ్లలో నేను ఆ చిన్న గెంతు కుర్రాడి వైపే. ఆ రోజు అతను కొట్టింది ఒక్క సింగిల్ (ఒక బేస్ వరకే చేర్చే హిట్), కానీ రెండు స్ట్రైకుల తర్వాత నాలుగు చెడ్డ బంతుల్ని కదలకుండా వదిలాడు.

వెళ్లాలనుకునేవాళ్లకి రెండు ముక్కలు. లీగ్ అక్టోబర్‌లో మొదలై నవంబర్ మధ్యకి ముగుస్తుంది. స్టేడియంలన్నీ ఫీనిక్స్ చుట్టుపక్కలే, ఒక్కోసారి ఒకే రోజు రెండు మ్యాచ్‌లు చూడొచ్చు. మధ్యాహ్నం ఆటకి టోపీ, రెండు పెద్ద నీళ్ల సీసాలు తప్పనిసరి. గేట్లు తెరవగానే లోపలికి వెళ్లి ఫస్ట్ బేస్ వెనక కూర్చోండి, షార్ట్‌స్టాప్ పాదాలు ఎదురుగా కనిపిస్తాయి. స్టాప్‌వాచ్ ఫోన్‌లో ఉన్నదే చాలు.