పెరట్లో దోమలా? మొక్కలు తర్వాత, ముందు నీళ్ళు చూడండి

నిమ్మగడ్డి, తులసి, బంతి నాటితే పెరట్లోకి దోమ రాదని చాలామంది నమ్ముతారు. వస్తుంది. దోమకు గిట్టని నూనె ఆకులో ఉంటుంది, ఆకు నలిపితేనే తగినంత బయటికొస్తుంది. ఊరికే కుండీలో నిలబడ్డ మొక్క పక్కన కూర్చున్నా కుడుతుంది. మొక్కలు ముచ్చటకి పెంచుకోండి, పని మాత్రం నీళ్ళ దగ్గర మొదలుపెట్టండి.

వెచ్చటి రోజుల్లో గుడ్డు దోమగా మారి ఎగరడానికి 7 నుంచి 10 రోజులు చాలు. అందుకే నిలవ నీళ్ళు వారం దాటకూడదు. అయితే పారబోసినంత మాత్రాన పని అయిపోదు. డెంగీ మోసే ఏడిస్ దోమ గుడ్లను నీటి మట్టానికి కాస్త పైన, తడి గోడకు అంటించి పోతుంది. నల్లగా, మసి రేణువుల్లా ఉంటాయి, మామూలుగా చూస్తే మురికే అనుకుంటాం. తొట్టి ఎండిపోయినా అవి నెలల తరబడి బతికే ఉంటాయి, మళ్ళీ నీళ్ళు తగిలితే పొదుగుతాయి. గరుకు బ్రష్‌తో అంచు చుట్టూ గట్టిగా రుద్దాలి. కడిగిన నీళ్ళు ఎండు మట్టి మీద పోయాలి. నీళ్ళు నిలిచే కాలవలో పోస్తే లార్వాలకు, అంటే గుడ్డు నుంచి వచ్చిన దోమ పిల్లలకు, ఇల్లు మార్చినట్టే.

వెతకాల్సినవి డ్రమ్ములూ టైర్లే కాదు. కుండీ కింది పళ్ళెంలో అంచుదాకా ఇసుక నింపండి, తడి ఉంటుంది కానీ దోమకు నీళ్ళు దొరకవు. చెట్టు తొర్రలోనూ ఇసుకే. వెదురు నరికితే సరిగ్గా కణుపు దగ్గర నరకాలి, లేదంటే పైన మిగిలిన గొట్టం వాన నీళ్ళు పట్టుకుంటుంది. కప్పిన టార్పాలిన్ మడతలు, ఆకులు అడ్డుపడ్డ వాన నీటి గొట్టాలు కూడా చూడాలి. డ్రమ్ముకు జాలీ కడితే బిగుతుగా కట్టండి, మధ్యలో కుంగి నీళ్ళను తాకకూడదు.

అనుమానం ఉన్నచోట తెల్ల గిన్నె వాలుగా ముంచి, మెల్లగా పైకి తీసి ఒక నిమిషం కదపకుండా చూడండి. మీ నీడ పడగానే కిందికి మెలికలు తిరుగుతూ పోయి, గాలి కోసం మళ్ళీ పైకొచ్చేవి లార్వాలు. కామా గుర్తులా వంగి ఉండేవి ప్యూపాలు, లార్వా దోమగా మారే ముందు దశ.

ఈ తేడా ఎందుకంటే, పారబోయలేని నీళ్ళలో వేసే బీటీఐ బిళ్ళలు గానీ గుళికలు గానీ ప్యూపాల మీద పనిచేయవు. బీటీఐ ఒక బాక్టీరియా. లార్వా దాన్ని తింటేనే దాని విషం పేగును దెబ్బతీస్తుంది, ప్యూపా అసలేమీ తినదు. వేసిన రెండో రోజు కూడా దోమలు లేస్తున్నాయంటే మందు నకిలీదని కాదు, అప్పటికే ప్యూపా దశకు చేరినవి అవి. ఎంత వేయాలో, మళ్ళీ ఎప్పుడు వేయాలో ప్యాకెట్ మీద ఉన్నట్టే చేయండి.

అలంకారపు తొట్టికైతే గప్పీ చేపలు సులువు. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటే పోయేదాకా ఆగి వదలాలి. నాచు, ఆకులు దట్టంగా పెరిగితే వాటి చాటున లార్వాలు దాక్కుంటాయి, చేప అక్కడికి వెళ్ళలేదు. ఈ చేపల్ని చెరువుల్లో, వాగుల్లో మాత్రం వదలకండి, అక్కడి చేపలకు ముప్పు.

సాయంత్రం బయట కూర్చోవాలంటే టేబుల్ ఫ్యాన్‌ను మించింది లేదు. దోమ ఎదురుగాలికి ఎగరలేదు, మనం వదిలే ఊపిరి వాసన కూడా చెదిరిపోయి మనల్ని కనిపెట్టడం దానికి కష్టమవుతుంది. ఫ్యాన్ నేల దగ్గరే పెట్టి గాలి కాళ్ళకు తగిలేలా తిప్పండి, ఏడిస్ ఎక్కువగా చీలమండల దగ్గరే కుడుతుంది. వేపాకు పొగ ఉన్నంతసేపు కొంత పనిచేస్తుంది, కానీ ఆ పొగ పీల్చేది మీరే.

ఇంత చేసినా తగ్గకపోతే ఏ వేళ కుడుతున్నాయో గమనించండి. పగలు కుడితే అది చాలావరకు ఏడిస్, మామూలుగా పుట్టినచోటి నుంచి ఒకటి రెండు వందల మీటర్లు దాటి పోదు. మీ పెరట్లోనో, గోడ అవతలో ఏదో ఒక డబ్బా మిగిలిపోయిందన్నమాట. రాత్రి కుట్టేది చాలావరకు క్యూలెక్స్, మురుగునీళ్ళలో పుడుతుంది, ఇంకా దూరం నుంచీ రాగలదు. అప్పుడు కుండీలు వదిలేసి సెప్టిక్ ట్యాంక్ చూడండి: మూత పగుళ్ళు సిమెంటుతో పూడ్చి, గాలి గొట్టం మూతికి సన్నటి నైలాన్ జాలీ కట్టాలి. ఎండకు అది పెళుసుబారి చిరుగుతుంది, అప్పుడప్పుడు పైకెక్కి చూస్తుండాలి.